దిగని గీత

పోయిన వారం పింఛను కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి అశోక్‌నగర్ వెళ్ళాను. షాపు ముందు ఎప్పటిలాగే ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల రద్దీ. నా ముందు నిలబడ్డ అమ్మాయి ఫోనులో ఏదో తెరిచి పక్కనున్న స్నేహితురాలికి చూపిస్తోంది.

"చూడవే, నా మాక్ టెస్టులన్నీ షీట్ల ఎక్కించిన. గ్రాఫ్ ఎట్ల లేస్తుందో చూడు. రాకెట్ లెక్క!"

"ఇంకేంది, నీకు నౌకరీ వచ్చినట్లే. ముందైతే చాయ్ తాపియ్."

నేను తల ముందుకు వంచి చూశాను. వద్దనుకుంటూనే అడిగాను.

"ఏమ్మా, కింద ఎంత నుంచి మొదలుపెట్టినవ్?"

"అంటే ఏంది అమ్మమ్మా?"

"ఎడమ పక్క అంకెలున్నయి చూడు. సున్నా నుంచి ఉన్నయా?"

అరవై నుంచి ఉన్నాయి. "అదే వేసుకుంది అమ్మమ్మా, నేనేం చెయ్యలే" అంది ఆ పిల్ల. సున్నా నుంచి పెట్టి చూడమన్నాను. వేలితో నాలుగుసార్లు నొక్కింది. కొండలా నిలబడ్డ గీత వరండా వాలంత అయి కూర్చుంది. అమ్మాయి మొహం చిన్నబోయింది.

"రాకెట్ దిగింది పా. చాయ్ నేనే తాపిస్త" అని స్నేహితురాలు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

ఆ పిల్లను బాధపెట్టి నేను బావుకున్నది లేదు. పైగా ఆ ప్రశ్న నాది కూడా కాదు. పోయిన చలికాలంలో చనిపోయిన ఒక మనిషిది. ఎవరు గీత చూపించినా ఆమె మొదట చూసేది దాని అడుగునే. "సున్నా నుంచి పెట్టకుంటే దోమ సుత ఏనుగు లెక్క కనబడ్తది" అనేది. సున్నా నుంచే మొదలుపెట్టి, ఒక్క అంకె తప్పు లేకుండా తన గీత తాను గీసుకుంది ఆమె. ఆ గీతే ఆమెను మోసం చేసింది. పక్కనే కూర్చుని నేనూ దాన్ని నమ్మాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయాలి, సగం రాయడం ఆమెకు గిట్టదు. పూర్తిగా రాస్తే ఆమె వాళ్ళకు ఇబ్బంది. నేను 'అక్కా' అని పిలిచేదాన్ని. ఆమె నన్ను 'పిల్లా' అనేది. డెబ్బై దాటాక కూడా నన్ను పిల్లా అని పిలిచే మనిషి ఒకరు ఉండేవారు. ఇప్పుడు లేరు.

ఇద్దరం ఒకే ప్రభుత్వ కార్యాలయంలో, లెక్కల విభాగంలో, బల్ల పక్క బల్లగా ఇరవై ఆరేళ్ళు పనిచేశాం. మనిషి పొడుగు, సన్నం. కొప్పులో ఎప్పుడూ చెక్కిన పెన్సిలు ఉండేది. మగవాళ్ళ చేతిగడియారం పెట్టుకునేది, అది కూడా ముఖం మణికట్టు లోపలికి తిప్పి. టైము చూడాలంటే చెయ్యి తనవైపు తిప్పుకోవాలి కాబట్టి, ఎదుటి మనిషి మాటలు ఆమెకు విసుగు పుట్టించిన సంగతి అతనికి తెలిసిపోయేది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని కొత్తగా చేరిన గుమాస్తా ఎవరైనా అడిగితే, తల ఎత్తకుండానే "టోటల్ కుదరలే" అనేది. అక్కడితో ఆ సంభాషణ ముగిసేది.

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో మొదటి అంతస్తులో రెండు గదులు ఆమెవి. ఉద్యోగంలో ఉండగానే కొనుక్కుంది. వరండాలో ఒక పేము కుర్చీ, రెండు తులసి కుండీలు. కూరగాయల వాళ్ళ అరుపులు పొద్దున్నే ఇంట్లోకి వచ్చేవి. ఎవరైనా గోల అంటే ఒప్పుకునేది కాదు. "గోల కాదు, రేట్లు. ఇంట్ల కూసోని రేట్లు తెలుసుకుంటున్న" అనేది. ఆ ఇంటి తాళంచెవి నడుముకు దోపుకుని ఉండేది. బాత్రూముకు వెళ్ళినా తీసేది కాదు. పుట్టింట్లో ఉండి, వదిన ఇంట్లో ఉండి, ఆడవాళ్ళ హాస్టల్లో ఉండి, చివరికి నలభై నాలుగో ఏట తన తాళం తాను వేసుకున్న మనిషి.

సాయంత్రాలు ఇద్దరం నారాయణగూడ చౌరస్తా దాకా నడిచేవాళ్ళం. సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల నంబర్లు కూడుకుంటూ నిలబడేది. అన్ని అంకెలూ కలిపి, మళ్ళీ కలిపి, చివరికి తొమ్మిది తేలితే మంచి రోజు. "తొమ్మిదొచ్చింది పిల్లా, ఇయ్యాల బిస్కెట్లు నావి" అని నన్ను ఇరానీ హోటలుకు తోలుకుపోయేది. తొమ్మిది రాకపోయినా హోటలుకే పోయేవాళ్ళం. కాకపోతే అప్పుడు బిస్కెట్లు నావి.

ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆమెకు యాభై దాటాయి. మగవాళ్ళు జోకులు వేశారు, ముసలి వేళ్ళకు మౌస్ ఎందుకని. ఆమె హిమాయత్‌నగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, డిగ్రీ పిల్లల మధ్య కూర్చుని ఎక్సెల్ నేర్చుకుంది. మూడు నెలల తర్వాత జోకులు వేసినవాళ్ళే ఆమె బల్ల ముందు నిలబడి "మేడం, జర ఈ టోటల్ వస్తలేదు" అనడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక ఒక పాత లాప్‌టాప్ కొనుక్కుంది. అప్పటి నుంచి తాను చేసే ప్రతి పనీ అందులోకి ఎక్కింది. పార్కులో ఒక చుట్టుకు ఎన్ని నిమిషాలు, మెట్లెక్కాక నాడి ఎంత, ఊలుతో రోజుకు ఎన్ని వరసలు అల్లింది, అన్నీ. నెలాఖరున గీతలు గీసి నాకు చూపించేది.

ఒకసారి ఆ గీత చూపించి, "నీతోటి నడిచిన రోజులల్ల చుట్టుకు నిమిషంన్నర నష్టం వస్తున్నది" అంది.

"అయితే రేపటి నుంచి నువ్వొక్కదానివే నడువు" అని నేను మొహం ముడుచుకుని వచ్చేశాను.

నాలుగు రోజులు పోలేదు. అయిదో రోజు ఫోను చేసింది. "నష్టమైతే అయింది గని, రా. మాట్లాడుకుంట నడవకుంటే కాళ్ళు పోతలెవ్వు." క్షమించమని అడగడం ఆమెకు చేతనయ్యేది కాదు. ఇదే దానికి దగ్గరి మాట.

మరపు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. మొదట బయటపడింది మాత్రం పాలగిన్నె వల్ల. పొయ్యి మీద పెట్టి వరండాలో కూర్చుండిపోయింది. గిన్నె అడుగు మాడి, పొగ కిందింటి వాళ్ళకు తెలిసింది. వాళ్ళు అంబర్‌పేట్‌లో ఉన్న ఆమె మేనకోడలికి కబురు చేశారు. చనిపోయిన అన్న కూతురు. ఆమెకు మిగిలిన సొంత మనిషి ఆ పిల్ల ఒక్కతే. పిల్ల అంటున్నాను గానీ యాభైకి దగ్గరపడ్డ ఇల్లాలు, ఉద్యోగం చేస్తుంది, మెత్తని మనిషి. మేనత్తను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరు గడియారం బొమ్మ గీయమన్నాడట, అయిదు మాటలు చెప్పి కాసేపాగి మళ్ళీ చెప్పమన్నాడట. మరపు జబ్బు మొదలవుతోందని కాగితం మీద రాశాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆ ఇంట్లో యుద్ధం నడుస్తోంది.

"గడియారం గీయమంటడా నన్ను? నేనేమన్న ఎల్‌కేజీ పిల్లనా?"

"అత్తమ్మా, జర నా మాట ఇను. ఒక్కదానివి ఉండొద్దంటున్నడు. మా ఇంటికి రా. నీకు వేరే గది ఇస్త, టీవీ సుత పెట్టిస్త."

"టీవీ ఎవనికి గావాలె? ఒక్కనాడు చూసి చెప్పిండు వాడు. ఒక్క చుక్క పెట్టి గీత గీస్తరానే ఎవరన్న? ఒక్కనాటి మార్కు అబద్ధం చెప్తది. నెలల గీత చెప్పదు."

"గీతలు గీసుకుంట కూసుంటె గ్యాస్ పేలుతది అత్తమ్మా."

ఆమె లేచి లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. కొప్పులోంచి పెన్సిలు తీసి దానితో నన్ను చూపించింది.

"ఇగో, ఇది రోజు నన్ను పది లెక్కలు అడుగుతది. దీనికి జాలి లేదు, ఆఫీసుల ఎవ్వర్నన్న అడుగు. మార్కులు షీట్ల పడ్తయి. వారం సరాసరి ఏడు కిందికి దిగిననాడు నేనే సంచి సర్దుకొని మీ ఇంటికి వస్త, తాళం నీ చేతిల పెడ్త. దిగనన్ని రోజులు ఈ తాళం నాది. ఎవ్వరు ఆ మాట ఎత్తొద్దు. ఒప్పుకుంటవా?"

మేనకోడలు నా మొహం చూసింది. నేను సరేనన్నట్టు తల ఊపాను. ఆ ఊపడంలో నాకు కొంచెం గర్వం కూడా ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. ఇంత సరైన షరతు నా జీవితంలో ఎవరూ పెట్టగా చూడలేదు. ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు, ఎవరి ఏడుపుకూ కరగదు.

"సరే అత్తమ్మా" అంది ఆ పిల్ల, అలిసిపోయి. "గని గ్యాస్ బంద్ చేసి, కరెంటు పొయ్యి పెట్టిస్త. దానికన్న ఒప్పుకో."

ఒప్పుకుంది. షీటు మొదటి వరసలో ఆ షరతు టైపు చేసి, కింద ఏడు దగ్గర అడ్డంగా ఒక ఎర్రగీత గీసింది. గ్రాఫు సున్నా నుంచే.

అప్పటి నుంచి రోజూ తొమ్మిదిన్నరకు నేను వెళ్ళేదాన్ని. ముందు కాఫీ, తర్వాత పరీక్ష. గుణకారాలు, భాగారాలు, వడ్డీలు, శాతాలు, ఫలానా తేదీ ఏ వారం అయిందో చెప్పడం. ఒకసారి అడిగిన లెక్క మళ్ళీ మూడు నెలల దాకా అడగకూడదని నేనే నియమం పెట్టుకున్నాను. ఆమె పేము కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేది. పెదవులు మాత్రం కదిలేవి. చిన్నప్పుడు బడిలో పంతులు బెత్తం పట్టుకుని చెప్పించిన పావు ఎక్కాలు, ముప్పావు ఎక్కాలు లోపల నడిచేవి. జవాబు చెప్పేటప్పుడు కళ్ళు తెరిచేది. అప్పటి ఆ మొహంలో వయసు ఉండేది కాదు.

ఒకరోజు నా దగ్గరున్న జవాబు, ఆమె చెప్పిన జవాబు కలవలేదు. తప్పు అన్నాను. "మల్లొకసారి చెయ్యి" అంది. చేశాను. తప్పు నాదే. ఆమె షీటులో కొత్త కాలమ్ ఒకటి తెరిచి నా పేరు పెట్టి, మైనస్ ఒకటి వేసింది.

"ఇదేం అన్యాయం? పరీక్ష నాకా, నీకా?"

"పరీక్ష పెట్టేటోళ్ళకు పరీక్ష లేకుంటె ఎట్ల పిల్లా? గట్లనే ఉంటె మల్ల మీ ఇంటోళ్ళు నిన్ను తోల్కపోతరు, చూస్కో."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆమెకు తొమ్మిది, పది కంటే తక్కువ వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీలంగీత ఎర్రగీతకు అంత ఎత్తున, కొలబద్ద పెట్టి గీసినట్టు పోతూ ఉండేది. నెలాఖరున ఆ బొమ్మను మేనకోడలి ఫోనుకు పంపేది. ఆ పిల్ల చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపేది.

షీటుకు బయట జరుగుతున్నవి కొన్ని నా కంట పడ్డాయి. పెసరపప్పు డబ్బాలో పట్టక కవర్లలో ఉండేది. మొన్న తెచ్చింది, నిన్న తెచ్చింది, ఇవాళ తెచ్చింది. చనిపోయిన వాళ్ళ వదిన పేరుతో నన్ను రెండుసార్లు పిలిచింది, కోపంగా. పార్కుకు రానంది, ఎండ ఎక్కువైందని. అప్పుడు కార్తీకం. తులసి కుండీల్లో ఒకదానికి మూడుసార్లు నీళ్ళు పోసేది, రెండోది ఎండిపోయింది.

ఒక రోజు పరీక్ష అయ్యాక మెల్లగా మాట ఎత్తాను.

"అక్కా, లెక్కలకు తోడు ఇంకో కాలమ్ పెడదామా? పేర్లు అడుగుత. మన ఆఫీసోళ్ళవి, సందులవి, నిన్న ఏం తిన్నవో, గిట్లాంటియి."

ఆమె లాప్‌టాప్ మూత సగం మూసి నా వైపు చూసింది. అప్పటికే ఆమెకు తెలుసేమోనని ఇప్పుడు అనుకుంటాను. కానీ చెప్పిన జవాబు మాత్రం అచ్చం ఆమెది.

"ఇయ్యాల అడిగిన అయిదు పేర్లు, రేపు అడిగిన అయిదు పేర్లు ఒక్క తీరు కష్టమని ఎట్ల చెప్తవ్? నిన్న తిన్నది నువ్వు చూసినవా, తప్పో ఒప్పో చెప్పనీకి? ఒక్క కొలతకు రానియి ఒక్క గీత మీద పెట్టొద్దు పిల్లా. ఇరవై ఆరేండ్లు నా పక్కన కూసోని ఏం నేర్చుకున్నవ్?"

ఆ కాలమ్ పెట్టలేదు. ఆ వాదనలో తప్పు ఏదో ఇప్పటికీ చూపించలేను. మా ఆఫీసులో ఎవరిని అడిగినా ఆమె చెప్పిందే సరైనదంటారు.

ఆ తర్వాత రెండు నెలలకు అనుకుంటాను. అనుకుంటాను ఎందుకు, సంక్రాంతి వెళ్ళిన మూడో మంగళవారం. పొద్దున పరీక్షలో పదికి పది. ఒక చక్రవడ్డీ లెక్క నేను కాగితం మీద చేయడానికి పట్టిన సమయం కంటే ముందే చెప్పేసింది. సుల్తాన్ బజార్ పోయి జాకెట్టు ముక్కలు తెచ్చుకుంటానంటే, నేను రానా అన్నాను. వద్దంది. మధ్యాహ్నం మూడింటికి నా ఫోను మోగింది. తెలియని నంబరు.

"అమ్మా, నారాయణగూడ మెట్రో కింద చాయ్ బండి నుంచి మాట్లాడుతున్న. ఇక్కడొక పెద్దమ్మ కూసున్నది. ఇల్లు ఏడ అంటే చెప్తలేదు. పేరు సుత చెప్తలేదు. మీ నంబర్ మాత్రం గడగడ చెప్తున్నది."

"నా పేరు చెప్పిందా?"

"లేదమ్మా. ఎవరిదమ్మా ఈ నంబర్ అంటె తెల్వదంటున్నది. నంబర్ మాత్రం పక్కా, మూడుసార్లు అడిగిన, మూడుసార్లు అదే చెప్పింది."

ఆటోలో వెళ్ళాను. మెట్రో స్తంభం నీడలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గొడుగు, జాకెట్టు ముక్కల కవరు. ఎవరో హాస్టల్ అమ్మాయిలు ఇద్దరు ఆమె పక్కన నిలబడి నీళ్ళ సీసా పట్టుకున్నారు. ఆమె సిగ్నల్ దగ్గర ఆగిన బండ్ల నంబర్లు చూస్తూ పెదవులు కదిలిస్తోంది. మేము పాతికేళ్ళు రోజూ సాయంత్రం నిలబడిన చౌరస్తా అది. ఇరానీ హోటలు అక్కడికి కనిపిస్తూనే ఉంటుంది.

దగ్గరికి పోయి "అక్కా" అన్నాను.

తల ఎత్తింది. మర్యాదగా, పరాయివాళ్ళతో మాట్లాడేటప్పటి గొంతుతో అడిగింది.

"ఆ నంబరు మీదేనా అండీ?"

నాదేనన్నాను. నా జీవితంలో అంత కష్టంగా చెప్పిన జవాబు లేదు.

"మంచిదయింది. ఎవరిదో తెల్వదు గని, తప్పు నంబరు కాదని మాత్రం తెలుసు" అంది. లేచి నా చెయ్యి పట్టుకుంది. చాయ్ బండి అతను పైసలు తీసుకోలేదు. "పోనీ అమ్మా, మా అమ్మ సుత గింతే" అన్నాడు. ఆటో చిక్కడపల్లి సందులోకి తిరిగాక ఆమె చెయ్యి నా చేతిలో గట్టిపడింది. ఇల్లు కనిపించగానే మామూలు గొంతుతో, "ఎందుకే పిల్లా ఆటోకు దండగ, నడిస్తె పదిహేను నిమిషాలు" అంది.

సాయంత్రం మేనకోడలికి నేనే ఫోను చేశాను. దాచేది కాదు అది. వచ్చింది. వచ్చి మొదట పరుపు మీద కూర్చుని ఏడ్చింది. అక్క లాప్‌టాప్ తెరిచి ఆ పిల్ల ముందు పెట్టింది.

"ఏడుపెందుకు? ఇయ్యాల్టిది చూడు. పదికి పది."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని చూసింది. మేనత్తది కాదు, నా మొహం చూస్తూ అంది:

"గీత మంచిగనే ఉంది ఆంటీ. మనిషే మంచిగ లేదు."

డాక్టరును మళ్ళీ అడిగిందట. చిన్నప్పుడు నోటికి పట్టించినవి కొందరికి చిట్టచివరి దాకా ఉంటాయట, అన్నీ పోయాక పోతాయట. అంటే ఇన్ని నెలలూ మేము మిగిలేదాన్నే కొలుస్తూ కూర్చున్నాం. ఇద్దరం లెక్కల మనుషులం కాబట్టి బుర్ర అంటే లెక్కే అనుకున్నాం. ఒక సంగీతం మాస్టారో, వంట మనిషో అయితే ఇంకేదో కొలిచేవాళ్ళు. మాకు ఇంకేదీ తోచలేదు.

అంబర్‌పేట్ ప్రయాణం రోజు నేను ఉన్నాను. బట్టలు రెండు సంచులైనాయి. ఆమె పేము కుర్చీలోంచి లేవలేదు.

"షరతు ఏందే? చదువు. మొదటి వరసల ఉన్నది, చదువు గట్టిగ."

"అత్తమ్మా, కొన్ని రోజులే. నీకు బాగయినాక మల్ల వద్దువు."

"బాగైతది, చెడ్డగైతది, అవన్నీ షీట్ల లెవ్వు. ఏడు దిగిందా? దిగలే. పిల్లా, నువ్వు సాక్షివి. నోరు తెరువు."

నేను నోరు తెరిచాను. "కొన్ని రోజులే అక్కా" అన్నాను. ఆమె అప్పుడు నన్ను చూసిన చూపు కోపం కాదు. ఆఫీసులో ఎవరైనా టోటల్ కుదరలేదని మధ్యలో ఒక అంకె దిద్ది తెచ్చి పెడితే వాళ్ళను అలా చూసేది. నడుములోంచి తాళంచెవి తీసి, మేనకోడలికి ఇవ్వలేదు, నా చేతిలో పెట్టింది. ఆ తర్వాత మెట్లు దిగింది. ఒక్కొక్క మెట్టూ తానే దిగింది, ఎవరినీ పట్టుకోనివ్వలేదు.

మేనకోడలు బాగా చూసుకుంది. అది చెప్పకపోతే తప్పవుతుంది. గది ఇచ్చింది, పగలు మనిషిని పెట్టింది. ఆ ఖర్చుల కోసం చిక్కడపల్లి ఇంటిని కిరాయికి ఇవ్వాల్సి వచ్చింది. పోటీ పరీక్షలకు చదివే అమ్మాయిలు నలుగురు దిగారు. వరండాలో తులసి కుండీల చోట ఇప్పుడు బకెట్లు ఉంటాయి. కొత్తగా దిగినవాళ్ళు తాళం మార్చుకుంటారు కదా, మార్చుకున్నారు. పాత తాళంచెవి నా సంచీలోనే ఉండిపోయింది. ఎవరూ అడగలేదు.

నేను గురువారాలు అంబర్‌పేట్ వెళ్ళేదాన్ని. కొన్ని వారాలు నన్ను గుర్తుపట్టింది, కొన్ని వారాలు పట్టలేదు, తర్వాత అసలు పట్టలేదు. మేనకోడలిని అమ్మా అనేది. అన్నం తిన్నదీ లేనిదీ తెలిసేది కాదు. కొప్పు పెట్టడం మానేశారు, జుట్టు కత్తిరించేశారు, అయినా చెయ్యి మాటిమాటికీ పెన్సిలు కోసం మెడ వెనక్కు పోయేది. నేను చేయగలిగింది ఒక్కటే ఉంది, అదే చేశాను. లెక్కలు అడిగాను. కళ్ళు మూసుకునేది. పెదవులు కదిలేవి. జవాబు వచ్చేది.

చివరిసారి వెళ్ళినప్పుడు జ్వరం తగ్గి రెండు రోజులైంది. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. నన్ను చూసి, ఎవరో వచ్చారన్నట్టు కాళ్ళ మీది దుప్పటి సర్దుకుంది. మేనకోడలు "అత్తమ్మా, ఎవరొచ్చిండ్రో చూడు" అంటే చూసి, తలుపు వైపు తిరిగింది. నేను పక్కన కూర్చుని మొదలుపెట్టాను. గొంతు బాగా పోయింది, చెవి ఆమె నోటి దగ్గర పెట్టి వినాల్సి వచ్చింది. పదీ చెప్పింది. పదీ ఒప్పే.

"పదికి పది" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. నా వైపు చూసింది. నేనెవరో తెలిసిన చూపు కాదు. కానీ ఎవరైతేనేం, ఎదుట ఒక పరీక్షాధికారి ఉన్నట్టు, తనకు రావలసింది అడిగి తీసుకునే మనిషి చూపు.

"దిగలే గదా?"

"దిగలే."

"ఒక్కసారి సుత?"

"ఒక్కసారి సుత దిగలే."

చెయ్యి దుప్పటిలోంచి తీసి, అరచెయ్యి నా ముందు చాచింది.

"అయితే నా తాళం నాకియ్యుండ్రి. ఇంటికి పోత."

మేనకోడలు మొహం అటు తిప్పుకుంది. షరతు ప్రకారం చూస్తే ఆమె అడిగినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో సరిగ్గా ఉన్న బిల్లును నేను ఏనాడూ ఆపలేదు. సంచీలోంచి తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్ళు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. చెయ్యి మెల్లగా నడుము దగ్గరికి పోయి, నైటీకి దోపుకునే చోటు వెతికి వెతికి, దొరకక అక్కడే ఆగింది.

తాళం మార్చారని నేను చెప్పలేదు.